లోతు నీటి నత్తల జాతకం

1877లో జార్జ్ ఫ్రెంచ్ ఆంగస్ జపాన్ నుంచి వచ్చిన ఒక సముద్రపు నత్తగుల్లను లండన్ జంతుశాస్త్ర సంఘం పత్రికలో వర్ణించారు. దానికి థాచేరియా మిరాబిలిస్ అని పేరు పెట్టారు. మెలికలు తిరుగుతూ పైకెక్కే వెడల్పైన వాలు, దాని చివర కత్తిలాంటి అంచు, మెట్లు మెట్లుగా నిలిచిన శిఖరం. అలాంటి రూపం అప్పటిదాకా శాస్త్రజ్ఞుల కంటపడలేదు. ఇది కొత్త జాతి కాదు, పెరుగుదలలో అవకరం వచ్చిన ఏదో మామూలు నత్త అని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. చాలాకాలానికి జపాన్ వలల్లో అలాంటివే మరిన్ని పడ్డాయి. ఆంగస్ మాటే నిలిచింది. గుల్ల చూసి నత్తను గుర్తుపట్టే విద్యకు ఉన్న బలం ఏమిటో చెప్పడానికి నాకు ముందుగా గుర్తొచ్చే ఉదంతం ఇదే.

లోతు సముద్రపు నత్తల్లో చాలావాటిని బతికుండగా చూసినవాళ్లు లేరు. అడుగును గీరుకుంటూ వచ్చిన వల ఓడ మీదికి చేరేసరికి మెత్తటి శరీరం పాడైపోతుంది, లేదా లోపల అసలు నత్తే ఉండదు. చేతికి మిగిలేది గుల్ల. కాబట్టి పేరైనా, వర్గమైనా దాన్నిబట్టే తేల్చాలి. అయితే గత్యంతరం లేక చేసే పనిగా దీన్ని చూడకూడదు. నత్త తన గుల్లను నోటి అంచు దగ్గర, అంటే పెదవి దగ్గర, కొంచెం కొంచెంగా చేర్చుకుంటూ పోతుంది. వెనకటి చుట్లు చాలావరకు అలాగే ఉండిపోతాయి. గుడ్డులో ఉన్నప్పుడు కట్టుకున్న గుల్ల సైతం కొనలో భద్రంగా ఉంటుంది. పుట్టినప్పటి రూపాన్ని చచ్చేదాకా ఇలా మోసుకుతిరిగే ప్రాణులు ఎక్కువ లేవు.

చూడటానికి ముందు గుల్లను సరిగ్గా పట్టుకోవాలి. కొన పైకి, నోరు మనవైపు. నోరు కుడిపక్కన కనిపిస్తే కుడిచుట్టు, ఎడమపక్కన కనిపిస్తే ఎడమచుట్టు. సముద్రపు నత్తల్లో కుడిచుట్టువే ఎక్కువ. మన పూజగదుల్లో అపురూపంగా దాచుకునే అసలైన దక్షిణావర్త శంఖం ఈ లెక్కలో ఎడమచుట్టుది. సంప్రదాయంలో శంఖాన్ని తలకిందులుగా, కొన కిందికి వచ్చేలా పట్టుకుని చూస్తారు కాబట్టి ఈ తేడా.

తర్వాత చూపు కొన మీదికి పోవాలి. అక్కడ ఆవగింజలో సగం కూడా ఉండని బుడిపె ఒకటి ఉంటుంది. దాన్ని ప్రోటోకాంక్ అంటారు. పిల్లనత్త గుల్ల అన్నమాట. చేతి భూతద్దానికి అది ఉందని మాత్రమే తెలుస్తుంది, వివరాలు సూక్ష్మదర్శిని కింద పెడితేనే కనిపిస్తాయి. అందులో మూడు నాలుగు సన్నటి చుట్లు ఉంటే, ఆ పిల్ల వారాలో నెలలో నీటిలో ఈదుతూ, తేలాడే సూక్ష్మజీవులను తిని బతికిందని అర్థం. ఒకటి, ఒకటిన్నర చుట్టుతో ఉబ్బెత్తుగా, మొద్దుగా ఉంటే, తల్లి ఇచ్చిన పచ్చసొనతోనే పెరిగి, పెద్దగా ప్రయాణం చేయకుండా అడుగు చేరిందని అర్థం. మొదటి రకం నత్త మహాసముద్రం అవతలి ఒడ్డున కూడా దొరికితే ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండో రకానిది దూరాన మరోచోట దొరికితే, అది నిజంగా అదే జాతేనా అని మళ్లీ చూసుకోవాలి. పిసరంత కొన నుంచి ఇంత సంగతి రాబట్టగలగడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది.

ఆ కొన మీది నగిషీకీ విలువ ఉంది. రాఫిటోమిడే అనే కుటుంబంలో, ఈదే పిల్లల గుల్లల మీద ఏటవాలు గీతలు రెండు దిక్కుల నుంచీ వచ్చి ఒకదాన్నొకటి కోసుకుంటాయి. సన్నటి గళ్లు ఏర్పడతాయి. అడుగుకు దిగిన రోజున ఆ గళ్లు ఉన్నట్టుండి ఆగిపోతాయి, అక్కడి నుంచి పెద్దనత్త గుల్ల మొదలవుతుంది. థాచేరియా నేడు చేరిన కుటుంబం ఇదే. ఒకప్పుడు దానికోసమే ప్రత్యేకంగా వేరే కుటుంబం కల్పించారు.

ఈ ఆధారాన్నీ అతిగా నమ్మకూడదు. పెద్దగుల్ల ఒకేలా ఉండి పిల్లగుల్ల మాత్రం తేడాగా ఉన్న జాతులను వేర్వేరు ప్రజాతుల్లో పెట్టే అలవాటు ఒకప్పుడు ఉండేది. పారిస్ మ్యూజియానికి చెందిన ఫిలిప్ బూషే 1990లో ఆ పద్ధతి తప్పని గట్టిగా వాదించారు. దగ్గరి చుట్టాలైన జాతుల్లో ఒకదాని పిల్ల ఈదవచ్చు, మరొకదాని పిల్ల ఈదకపోవచ్చు. ఆ ఒక్క తేడాతో చుట్టరికం తెగిపోదు.

లోతు నీళ్లలో అత్యంత విరివిగా దొరికేవి, అత్యంత చిక్కు పెట్టేవి టరిడ్‌లు. సన్నగా, కోసుగా ఉండే విషనత్తలు. వీటి పెదవి పై భాగంలో ఒక నొక్కు ఉంటుంది. శరీరంలోని వ్యర్థాలూ వాడిన నీరూ బయటికి పోయే దారి అది. పెదవి సున్నితం, వలలో తరచూ విరిగిపోతుంది. అయినా నష్టం లేదు. ప్రతి దశలోనూ పెదవి అదే నొక్కుతో పెరిగింది కాబట్టి, పాత చుట్ల మీది పెరుగుదల గీతలన్నీ అదే వంపు తిరుగుతాయి. గుల్లను దీపం వెలుగులో ఏటవాలుగా పట్టుకుని ఒక్క గీత వెంట చూపు నడిపిస్తే, విరిగిపోయిన పెదవి ఆకారం తిరిగి కళ్ల ముందుకొస్తుంది. గీత చుట్టు అతుకు దగ్గరే వెనక్కి వంగిందా, భుజం వాలులో వంగిందా, నడుము మీది పూసల కట్టు మీద వంగిందా అన్నదే కుటుంబానికి గుర్తు. జెమ్ములా అనే ప్రజాతిలో నొక్కు సరిగ్గా పూసల కట్టు మీదే ఉంటుంది. థాచేరియాలో భుజం వాలంతా ఆ నొక్కే. విడ్డూరంగా కనిపించిన ఆ మెట్ల రూపానికి మూలం అదే.

మిగతా గుర్తులు ఇంతకన్నా తేలిక. పెరుగుదల ఆగినప్పుడల్లా పెదవి మందంగా మారి మిగిలే కట్టు మ్యూరెక్స్ నత్తల్లో చుట్టుకు మూడు. కప్పగుల్లల్లో చుట్టుకు రెండు, పైగా నోటి పైమూలన చిన్న కాలువ. నడిమి ఇరుసు మీద మడతలున్నాయా, నోటికి మూత ఉందా అన్నవీ చూస్తారు.

లోతు తెచ్చే ఇబ్బందులు వేరు. చల్లటి నీరు, అధిక పీడనం వల్ల అక్కడ సున్నం తేలిగ్గా కరుగుతుంది. గుల్లలు పలచగా, చాలావరకు తెల్లగానో లేత పసుపుగానో ఉంటాయి. రంగులూ మచ్చలూ చూసి పేరు చెప్పే తీరప్రాంతపు అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. అన్నిటికన్నా పాతది కొన కాబట్టి ముందుగా కరిగేదీ అదే. ప్రోటోకాంక్ చెక్కుచెదరని లేతవయసు గుల్ల ఒక్కటి దొరికినా చాలు, దాని పక్కన కొన పోయిన పెద్దగుల్లలను పెట్టి పోల్చి తేల్చుకోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు అందమైన పెద్ద గుల్ల కన్నా బురద జల్లెడలో మిగిలిన లేతవయసు గుల్లలనే ముందు ఏరుకుంటారు.

బంగాళాఖాతంలో ఈ పనికి గట్టి పునాది వేసింది ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ. 1881లో బొంబాయిలో కట్టారు. 1888 నుంచి 1892 దాకా దాని మీద వైద్యుడిగా, జీవశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ ఆ అనుభవాలను 1902లో పుస్తకంగా తెచ్చారు. ఓడ ఎత్తిన గుల్లలను బ్రిటిష్ మ్యూజియంలో ఎడ్గార్ స్మిత్ 1894 నుంచి వర్ణిస్తూ వచ్చారు. లోతును ఫాదమ్‌లలో రాసేవారు. ఫాదమ్ అంటే ఆరడుగులు, ఇంచుమించు మన జాలర్ల బార. తర్వాతి కాలంలో భారత జంతు సర్వేక్షణ సంస్థకు చెందిన ఎన్.వి. సుబ్బారావు 2003లో ప్రచురించిన 'ఇండియన్ సీషెల్స్' మన నత్తలను గుర్తుపట్టాలనుకునేవారికి నమ్మకమైన తోడు.

గుల్ల మోసం చేయదా? చేస్తుంది. సముద్రగర్భపు వేడినీటి ఊటల దగ్గర ఉండే ఆల్వినికాంకా నత్తల్లో గుల్లలు చూసి విడదీయలేని జాతులున్నాయి. డీఎన్ఏ ఆధారంగా 2014లో వాటికి వేర్వేరు పేర్లు పెట్టాల్సి వచ్చింది. దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణ హిందూ మహాసముద్రంలో ఉంది. కైరీ ఊటల దగ్గర 2001లో బయటపడిన పొలుసుపాదం నత్తకు ఇనుప సల్ఫైడు పూతతో నల్లటి ఒళ్లు. సొలిటేర్ అనే మరో ఊటల ప్రాంతంలో దొరికినవి ఇనుము లేక తెల్లగా ఉన్నాయి. చూపుకు రెండు జాతులు, నిజానికి ఒక్కటే. టరిడ్‌ల విషయంలోనూ బూషే బృందం 2011లో డీఎన్ఏ, పళ్లు, గుల్ల అన్నీ కలిపి చూసి, ఆ ఒక్క పాత కుటుంబాన్ని పదమూడు కుటుంబాలుగా విడదీసింది.

ఇంత జరిగాక గుల్ల చదువు పాతబడిపోయిందనేవారితో నేను ఏకీభవించను. శాస్త్రంలో జాతి పేరు ఏదో ఒక అసలు నమూనాకు కట్టుబడి ఉంటుంది. స్మిత్ కాలపు నమూనాల్లో ఎక్కువ భాగం నూరేళ్లు దాటిన ఎండు గుల్లలు. డీఎన్ఏ రెండు జాతులున్నాయని చెబుతుంది, వాటిలో పాత పేరు దేనికి చెందాలో మాత్రం ఆ ఎండు గుల్లతో పోల్చి చూడగలిగిన కన్నే చెప్పాలి. శిలాజాల సంగతి సరేసరి, అక్కడ గుల్ల తప్ప మరేమీ లేదు.

విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో ట్రాలు బోట్లు దించే చెత్తలో గుల్లలు కూడా పడుతుంటాయి. అవి దుకాణాలకు చేరితే యాసిడ్‌లో కడిగి, వార్నిష్ కొట్టి అమ్ముతారు. పై పొర, కొన మీది నగిషీ రెండూ పోతాయి. ఎక్కడ, ఎంత లోతున పడిందో అడిగినా చెప్పేవారుండరు. అలాంటి గుల్ల అలమరకు అందమే కానీ శాస్త్రానికి పనికిరాదు. రేవులో మీ చేతికొక వింత గుల్ల వస్తే దాన్ని తోమకండి. బోటువాళ్లను అడిగి ఏ ఊరికి ఎదురుగా, ఎన్ని బారల లోతున, ఏ తేదీన పడిందో, లోపల నత్త ఉందో, ఎండ్రకాయ ఉందో, ఖాళీదో కాగితం మీద రాసి గుల్లతోపాటే ఉంచండి. కోనస్ మిల్నెఎడ్వర్డ్‌సీ లాంటి కొన్ని జాతులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, వాటిని కొనకండి, అమ్మకండి. మీ దగ్గర్లోని విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగానికి ఫోటోతో పాటు ఆ కాగితాన్నీ చూపించండి.