ఫలకముపై మాజినో దుర్గశ్రేణి

యుద్ధక్రీడలు కల్పించువారు కోటను పటముపై చూపదలచినప్పుడు సాధారణముగా అవలంబించు మార్గము మిక్కిలి సులభమైనది. కోటయున్న గడిలో ఒక గుర్తు వేసి, అందలి సేనకు రక్షణబలము రెండింతలనియో మూడింతలనియో నియమించి, తక్కిన దానిని పాచికకు వదలివేయుదురు. మట్టిగోడ చాటున నిలిచిన పటాలమునకు ఈ పద్ధతి చెల్లును గాని, 1930వ సంవత్సరపు చట్టముతో నిధులు పొంది ఫ్రాన్సు తన తూర్పు సరిహద్దున నిర్మించుకొన్న మాజినో దుర్గశ్రేణికి ఎంతమాత్రమును చెల్లదు. ఏలయన, ఆ దుర్గముల బలము గోడల మందమునందు కంటె, ఒకదానికొకటి అండయగునట్లు వానిని నిలిపిన కూర్పునందే ఎక్కువగా నున్నది. ఆ కూర్పును చూపజాలని ఆట ఎన్ని అంకెలు పేర్చినను, కాంక్రీటును చూపినదగును గాని దుర్గమును చూపినది కాదు.

కోటను చిన్నదిగా మలచి కన్నులయెదుట నుంచుకొని యుద్ధమును ముందుగా యోచించుట ఫ్రెంచివారికి నిన్న మొన్న అబ్బిన విద్య కాదు. పదునాలుగవ లూయీ కాలమున, 1668లో, ఆయన మంత్రి లువ్వా ప్రోత్సాహమున మొదలై రెండు శతాబ్దములు సాగిన నమూనాల నిర్మాణసంప్రదాయమొకటి ఆ దేశమున గలదు. సరిహద్దునందలి కోటపట్టణములను ఆరువందల వంతులలో ఒక వంతునకు తగ్గించి, కొయ్య, కాగితము, ఇసుక, పట్టు మొదలగు పదార్థములతో, బురుజుల కోణములు మొదలుకొని ఇండ్ల పైకప్పుల వరకు కొలతలు తప్పకుండ మలచి, విడివిడి బల్లలుగా చేసి ఒకచోట కూర్చిన ఆ నమూనాలలో మిగిలినవి నేడును పారిస్ నగరమున ఆంవాలీద్ భవనమునందును, కొన్ని లీల్ నగరపు కళాప్రదర్శనశాలయందును ఉన్నవి. వానిలో గోడలకంటె గోడల వెలుపలి నేలయే నాకు ఎక్కువ విలువగలదిగా తోచును. శిల్పులు పట్టణముతో ఆగక, ఆ కాలపు ఫిరంగిగుండు పోగలిగినంత దూరము వరకు పొలములను, మిట్టలను, వాగులను, చెట్లవరుసలను అంతే శ్రద్ధతో చెక్కిరి. ఏ మిట్ట మరుగున శత్రువు కందకము త్రవ్వునో, ఏ పల్లము మీదికి బురుజునందలి ఫిరంగి వంగి చూడలేదో, వర్సేలునకును సరిహద్దునకును నడుమ రోజులకొలది ప్రయాణమున్న కాలమున రాజును సేనానులును బల్లచుట్టు నిలిచి తెలిసికొనగలుగుట దాని ప్రయోజనము. కోట యనగా గోడయు, ఆ గోడనుండి కాల్పునకు లోబడు నేలయు కలిసిన వస్తువని ఆ శిల్పులు ఎరిగియుండిరి. యుద్ధక్రీడను సత్యముగా కూర్పదలచినవాడు మొట్టమొదట నేర్వదగిన పాఠమిదియే.

బల్లమీది నమూనాకు కాలమును, అదృష్టమును జోడించి క్రీడగా మార్చిన కీర్తి ప్రష్యనులది. 1824 నాటికి రైస్విట్స్ అను సైనికాధికారి పటము, పావులు, పాచికలు, మధ్యస్థుడు గల యుద్ధక్రీడను సిద్ధపరచి సేనాధికారుల శిక్షణకు అందించెను. అమెరికనులు ఇరువదవ శతాబ్దమున దానిని గృహములలోనికి తెచ్చి, పటమును షడ్భుజాకారపు గడులుగా విభజించిరి. 1972లో ఆవలన్ హిల్ సంస్థ ప్రకటించిన, జేమ్స్ డన్నిగన్ కూర్చిన ‘ఫ్రాన్స్ 1940’ ఆ కోవలోనిది. కంప్యూటరు క్రీడలలో, 2016లో వచ్చిన ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4’ ఒక్కొక్క భూభాగమునకు ఇన్ని అంతస్తులని కోటబలమును లెక్కించును. ప్రపంచమంతయు ఒక్క తెరపై ఇమిడింపవలసిన ఆటకు అంతకంటె సూక్ష్మత తగదు. దానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. కాని ఫ్రాన్సు సరిహద్దునే విషయముగా గైకొన్న క్రీడకు ఆ లెక్క చాలదు.

ఎందుకు చాలదో గ్రహించుటకు ఆ దుర్గముల కట్టడమును కొంచెము దగ్గరగా చూడవలయును. శత్రువునకు ఎదురుగా నుండు ముఖమునందు తుపాకిరంధ్రము లేమియు నుండవు. అత్యున్నతశ్రేణి దుర్గములందు మూడున్నర మీటర్ల మందము గల కాంక్రీటును, దానిపై పోసిన మట్టియు, రాళ్లును మాత్రమే వానికి కనబడును. రంధ్రములు ప్రక్కలనున్నవి. ఈ కట్టడమునందలి ఫిరంగి తన యెదుటనున్న శత్రువును కొట్టదు; పొరుగు కట్టడము నెదుటనున్న ముండ్లతీగలను, టాంకులనాపు ఉక్కుపట్టాల వరుసను ఊడ్చివేయును; పొరుగుది దీనికి అదే ఉపకారము చేయును. రంధ్రము క్రింద లోతైన అగడ్త యొకటి కలదు. ఫిరంగిదెబ్బలకు పైనుండి రాలిన కాంక్రీటు ముక్కలు రంధ్రమును మూసివేయక అందులో పడిపోవును. పైకప్పుమీద ఉక్కు గంటలవంటి కావలిగూళ్లును, కాల్పవలసినప్పుడు పైకి లేచి, కాల్చిన పిమ్మట నేలమట్టమునకు దిగిపోవు తిరుగుడు బురుజులును ఉండును. వీనినన్నిటిని క్రింద సొరంగములు కలుపుచున్నవి. పెద్దదియగు హాకెన్‌బెర్గ్ దుర్గమున ఆ సొరంగముల పొడవు పది కిలోమీటర్ల మేరయుండును. వెనుక గోడ మాత్రము ఒక మీటరు మాత్రమే. దుర్గము శత్రువుల వశమైనయెడల తమ ఫిరంగులతో తామే దానిని పగులగొట్టగలుగుటకు కావలెనని దానిని పలుచగా నుంచిరి.

మన పల్లెల అరుగుల రాళ్లపై గీసికొని ఆడు పులిజూదమునందు, వెనుక ఇంకొక మేక నిలిచియున్న మేకను పులి దాటి చంపలేదు. వెనుకటి గడి ఖాళీయైన క్షణమున అదే మేక ఆహారమగును. మాజినో దుర్గముల స్థితి సరిగా ఇట్టిది. కావున వాని బలమును గడికి కాక గడి అంచునకు వ్రాయవలయును. ఆరంచులలో ముందటి రెండింటికొక విలువ, ప్రక్కలకొక విలువ, వెనుకకు మిక్కిలి తక్కువ విలువ నొసగి, ప్రక్కవిలువ పొరుగు దుర్గము జీవించియున్నంత కాలమే చెల్లునని నియమింపవలయును. ఈ ఒక్క నియమముతో ఆట స్వభావమే మారిపోవును. ఆక్రమించువాడు బలమైనచోట తల బ్రద్దలుకొట్టుకొనుట మాని, వరుస తెగిన కొసను వెదకనారంభించును.

కోటకు అన్నిముఖములు సమానము కావని తెలుగునేలయు ఒకప్పుడు చూచినది. 1759 ఏప్రిల్‌లో ఫ్రెంచివారి అధీనమునందున్న మచిలీపట్నపు కోటను ఆంగ్లేయ సేనాని కర్నల్ ఫోర్డు రాత్రివేళ ముట్టడించినప్పుడు, నడువ వీలులేదని లోనివారు తలచిన బురదనేల వైపునుండి కొందరిని పంపి కలవరము పుట్టించి, వేరొక మూల బురుజుపై ముఖ్యబలమును ప్రయోగించెను. లోనున్న సేన బయటిసేనకంటె తక్కువది కాకపోయినను, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ లొంగిపోవలసివచ్చెను. గడికొక అంకె వేసి ఊరకుండు ఆటలో ఈ ముట్టడి ఎన్నటికిని జరుగనేరదు.

మాజినో శ్రేణికి పడమటి కొసనున్న ల ఫెర్తే దుర్గము కథ ఇంతకంటె కఠోరమైనది. అది రెండు కట్టడముల చిన్నదుర్గము. వానిని భూమిలోతున ఒక సొరంగము కలుపుచుండెను. స్వంత ఫిరంగిదళము లేదు. పొరుగు ల షెనోవా దుర్గపు 75 మిల్లీమీటర్ల ఫిరంగులే దూరమునుండి ఆసరా. పడమట దానిని ఆనుకొని మరియొక దుర్గము లేదు. 1940 మే నెలలో జర్మనులు బరువైన ఫిరంగులతో చుట్టుపట్ల నేలను గోతులమయము చేసిరి. ఆ గోతులే పిమ్మట వారి ఇంజనీరుదళమునకు మరుగైనవి. తిరుగుడు బురుజొకటి పైకి లేచినది లేచినట్లే ఇరుక్కొనిపోయెను. నేలమట్టమునకు దిగియున్నచో ఉక్కుమూత వలె కాపాడవలసినది, అట్లు నిలిచిపోగా శత్రువులు ప్రేలుడుపదార్థములను లోనికి త్రోయుటకు ద్వారమాయెను. లోపల మంటలు లేచి పొగ సొరంగమున నిండెను. బొగ్గుపొగ విషవాయువును ఆపగల శక్తి ఆనాటి ముసుగులకు లేదు. మే 19 నాటికి లోనున్న నూటయేడుగురును ముసుగులతోనే ప్రాణములు విడిచిరి. కాంక్రీటు మాత్రము చాలవరకు చెక్కుచెదరలేదు.

ఇట్టి సంఘటనను ‘రక్షణబలము మూడు, పాచిక ఆరు, దుర్గము నష్టము’ అని తేల్చివేయుట ఆ నూటయేడుగురికిని, వారిని అచ్చట నిలిపిన యోచనకును అన్యాయమని నా నమ్మకము. ఆటలో దుర్గమునకు గోడల లెక్కతోపాటు, బురుజులు పనిచేయుచున్నవా, గాలి నడచుచున్నదా, మందుగుండు మిగిలినదా యను మూడు స్థితులు వేర్వేరుగా నుండవలయును. గోడ నిలిచియే దుర్గము చచ్చుట సాధ్యమని ఆడువానికి తెలియవలయును.

ఇక నడిమిసేనల మాట. దుర్గముల మధ్య నేలను కాపాడుటకు సాధారణ పదాతిదళములును ఫిరంగిదళములును నిలుపబడియుండెను. 1940 జూన్ రెండవ వారమున పారిస్ చేజారుచుండగా ఆ సేనలను వెనుకకు పిలిచిరి. అంతట జూన్ 14న సార్ ప్రాంతపు బలహీనభాగమునను, మరునాడు రైన్ నదియొద్దను జర్మనులు శ్రేణిని ఛేదించి వెనుకకు వచ్చిరి. అప్పుడుగాని ఆ పలుచని వెనుక గోడ వారికి కనబడలేదు. జూన్ 20న బాంబెష్ దుర్గము వెనుకనుండి పడిన దెబ్బలకే లొంగెను. ఫెర్మోన్ దుర్గపు ఒక కట్టడమును సైతము 88 మిల్లీమీటర్ల ఫిరంగితో వెనుకనుండి తొలిచిరి గాని, రాత్రి లోనివారు ఆ రంధ్రమును క్రొత్త కాంక్రీటుతో పూడ్చుకొనిరి. జూన్ 21 నాటి దాడి పొరుగు లాతిరెమోన్ ఫిరంగుల సాయమున విఫలమాయెను. ల ఫెర్తేకు చాలినంత లేనిదియు, ఫెర్మోన్‌కు ఉన్నదియు ఆ పొరుగు అండయే. ఆల్సాస్‌లోని షోనెన్‌బూర్ దుర్గము మీద విమానములు బాంబులు వేసినవి, 420 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్లు కురిపించినది. అయినను దాని బురుజులు సంధి వరకు కాల్చుచునే యుండెను.

అందుచే సత్యమైన క్రీడయందు దుర్గసేనకును నడిమిసేనకును వేర్వేరు పావులుండవలయును. నడిమిసేనను ఉపసంహరించు నిర్ణయము ఆడువానిదే కావలయును. దానివలన ఇతరచోట లభించు లాభమును, ఇచ్చట తెరుచుకొను వెనుకద్వారమును తూచుకొని వాడే నిశ్చయించవలయును. దుర్గశ్రేణి నిష్ప్రయోజనమను సులభవాక్యమును పుస్తకములు చాలకాలము వల్లించినవి. ఆ శ్రేణి ఉద్దేశము శత్రువును ఇతరమార్గమునకు మరలించుటయు, తక్కువ సేనతో సరిహద్దును నిలుపుటయు. అవి రెండును నెరవేరినవి. మరలించిన మార్గమున అతని నాపుటకు సేనలు చాలకపోవుట వేరొక తప్పిదము. ఈ రెండు లెక్కలను వేరుచేసి చూపగలుగుటయే క్రీడకు చరిత్రగ్రంథమునకంటె అధికముగా గల ప్రయోజనము; గ్రంథము ఫలితమును చెప్పును, క్రీడ వేరొక నిర్ణయము చేసి చూచుటకు అవకాశమిచ్చును.

గెలుపునిర్ణయమునందును ఒక సూక్ష్మమున్నది. జూన్ 22న సంధిపై సంతకములు జరిగి, 25న అది అమలులోనికి వచ్చినప్పటికి పెద్దదుర్గములలో చాలవరకు ఓడక నిలిచియుండెను. ఆల్ప్సు కొండల చివర మాంటన్ యొద్ద, పాన్ సేన్ లూయీ వంతెనపై తొమ్మండుగురు సైనికులు గల చిన్నకాపలా కట్టడము ఇటాలియనులను ఆ దారిన పోనీయక చివరి వరకు నిలిపెను. ఈశాన్యమున కొందరు దుర్గాధిపతులు తమ పైయధికారుల ఆజ్ఞ స్వయముగా అందు వరకు తలుపులు తెరువక, జూలై తొలిదినములలో మాత్రమే లొంగిరి. ఫ్రాన్సు ఓడిన యుద్ధమున ఆ దుర్గములు ఓడలేదు. ఆట ముగియునప్పుడు రాజధాని ఎవరిదని మాత్రమే అడుగు పట్టికలో ఈ సంగతికి చోటు లేదు. కావున దేశపు గెలుపోటములకు వేరుగా, సంధిదినమున ఇంకను కాల్పులు జరుపగల దుర్గములెన్ని యని లెక్కించి, ఒక్కొక్కదానికిని అంకె వేయవలయును.