గద్దె మారితే చరిత్ర మారినట్టేనా?

“జంషీద్ బతికి ఉంటే?” గోదావరిఖనిలో ఒక గని కార్మికుని కొడుకు తరగతిలో అడిగాడు.

1543లో తండ్రి సుల్తాన్ కులీని చంపించి, అన్న కుతుబుద్దీన్ కళ్లు తీయించి గోలకొండ గద్దెనెక్కిన జంషీద్ 1550లో జబ్బుతో పోయాడు. విజయనగరంలో తలదాచుకున్న తమ్ముడు ఇబ్రహీం అదే ఏడు సుల్తానై, తెలుగు కవులకు ‘మల్కిభరాము’డయ్యాడు. 1565లో తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీదనే కత్తి దూశాడు. అయినా అతన్ని ద్రోహి అనం. అద్దంకి గంగాధరుడు ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అతనికే అంకితమిచ్చాడు కదా!

జంషీద్ బతికి ఉంటే కృతిపతి మారేవాడేమో. పన్ను కట్టే రైతు మెడమీది కాడి దిగేదా? ఊహాచరిత్ర రాసే రచయిత మొదట వేసుకోవలసిన ప్రశ్న అదే. గద్దె మీది మనిషిని మార్చి ఊరుకుంటే అది రాజుల కథే, ప్రజల చరిత్ర కాదు.