పదిహేనేళ్ల చుట్టానికి పని చెప్పాలి

ఆరేళ్ల పిల్లలకు ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్క, వాకిట్లో ఒక కుక్కపిల్ల ఉంటే పొద్దు గడిచిపోతుంది. చిక్కంతా పదమూడు దాటినవాళ్లతోనే. ఎండాకాలం సెలవులకు హైదరాబాద్ నుంచో, నిజామాబాద్ నుంచో ధర్మాబాద్‌లోని అమ్మమ్మ ఇంటికొచ్చిన తొమ్మిదో తరగతి మనవడు తొలి రోజు అందరి కాళ్లకూ మొక్కుతాడు. మర్నాడు చార్జర్ పెట్టే ప్లగ్గు వెతుక్కుంటాడు. ఆ మర్నాడు, "అమ్మమ్మా, ఇక్కడ చూడటానికి ఏముందే?" అని అడుగుతాడు.

న్యాయమైన ప్రశ్నే. షాపింగ్ మాల్‌ను నమ్ముకుని చుట్టాలను పిలిచే ఊరు కాదు ఇది. నాందేడ్ జిల్లాలో తెలంగాణను ఆనుకున్న తాలూకా కేంద్రం. 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. ఆ రోజున జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్లింది గానీ, చుట్టరికాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో ఎవరికి ఏది వస్తే అది. ఆడపిల్లలను నిజామాబాద్ వైపు ఇచ్చిన ఇళ్లు, అటునుంచి కోడళ్లను తెచ్చుకున్న ఇళ్లు వీధివీధినా కనిపిస్తాయి. అందుకే ఏప్రిల్ చివర్లో తెలంగాణ బళ్లు మూసేశాక ఇటొచ్చే రైళ్లలో పిల్లల సందడి.

వాళ్ల కోసం పెద్దలు వెంటనే ఒక యాత్ర తయారుచేస్తారు. ఒకనాడు బాసర, ఒకనాడు నాందేడ్ గురుద్వారా, ఒకనాడు చిన్నమ్మగారి పొలం. పిల్లలు బుద్ధిగా వెళ్లొస్తారు, మళ్లీ ఫోన్ పట్టుకుంటారు. యాత్రలో తప్పేమీ లేదు. కానీ ఆ వయసువాళ్లకు విసుగు పుట్టేది చూడటానికేమీ లేక కాదు, చేయడానికేమీ లేక. ఇంటినిండా పనులుంటాయి, వాళ్లను మాత్రం మంచం మీద కూర్చోబెట్టి గ్లాసు చేతికిస్తారు. చెడగొడితే నిజంగానే చెడిపోయే పని ఒకటి వాళ్ల చేతుల్లో పెట్టి చూడాలి.

ధర్మాబాద్‌లో అలాంటి పనికి కొదవ లేదు. ఎండుమిర్చికి పేరున్న ఊరిది. సంవత్సరానికి సరిపడా కారం పట్టించుకునేదీ ఈ ఎండల్లోనే. మార్కెట్లో కాయను ఎంచుకోవడం, దాబా మీద ఆరబోయడం, తొడిమలు తీయడం, గిర్నికి మోసుకెళ్లడం, అన్నీ కలిపితే రెండు మూడు రోజుల పని. డబ్బులు, గుడ్డ సంచీ ఇచ్చి ఇద్దరు పిల్లలను పంపితే తొలి బేరంలో మోసపోతారు. పోనీ. విరిస్తే గింజ గలగలలాడే కాయేదో, తూకం పెరగడానికి తడి తగిలించిన కాయేదో రెండో దుకాణానికి తెలిసొస్తుంది. గిర్ని దగ్గర ఇంకో పరీక్ష: తమకన్నా ముందు ఎవరిది పట్టారో, ఏం పట్టారో కనిపెట్టాలి. పసుపు పట్టిన వెంటనే మన మిరపకాయలు పోస్తే ఇంటికెళ్లాక అమ్మమ్మకు జవాబు చెప్పుకోవాలి. తుమ్ములు, కళ్ల నీళ్లు లెక్కలోకి రావు. చేతుల మంట నీళ్లతో కడిగితే పోదు. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం చెప్పలేని పాఠాన్ని మంట చెబుతుంది.

ఇక్కడ ఒక పాత అలవాటు అడ్డం వస్తుంది. మగపిల్లలు బజారుకు, ఆడపిల్లలు గోధుమ పాలతో చేసే కురడయాలు, వడియాలు వేయడానికి. ఇద్దరినీ రెండు చోట్లకూ పంపితే పోయేదేముంది? ఆ గోధుమ పాలు (చీక) ఉడుకుతుంటే ఉండకట్టకుండా తిప్పడానికి కావలసింది భుజబలం.

అయితే ఈ పనులకు పొద్దున ఆరింటికే లేపాలనుకోవడం పొరపాటు. 1976లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో నిద్ర పరిశోధకురాలు మేరీ కార్స్‌కాడన్, ఆమె సహచరులు వేసవి శిబిరం పెట్టి, పిల్లల నిద్రను ఏళ్ల తరబడి కొలిచారు. పెద్దవుతున్నకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందనుకుంటే, అవకాశమిచ్చినప్పుడు అందరూ దాదాపు తొమ్మిది గంటలు పడుకున్నారు. పైగా పెద్దపిల్లలకే పగటి మత్తు ఎక్కువ. కౌమారంలో నిద్ర వేళే వెనక్కి జరుగుతుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. కాబట్టి "ఇంకా లేవలేదా" అన్న మేనమామ కేకలు మానుకోవచ్చు. ఎండ నలభై రెండు, నలభై మూడు దాటే ఊళ్లో పని సాయంత్రానికి పెట్టుకోవడమే మేలు. మధ్యాహ్నాలకు గవ్వలతో అష్టాచెమ్మా ఉంది. చుట్టరికం చూడకుండా కాయలు చంపే ఆట అది. పదిహేనేళ్ల గర్వానికి బాగా సరిపోతుంది.

బాసర యాత్రనైనా వాళ్ల చేతికే ఇవ్వాలి. ధర్మాబాద్ తర్వాతి స్టేషనే బాసర. రైలు వేళలు చూడటం, టికెట్లు కొనడం, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కించడం, తిరుగు బండి పోకుండా చూసుకోవడం వాళ్ల పని. ఒక్క విషయంలో మాత్రం పెద్దరికం వదలకూడదు. 2025 జూన్‌లో దర్శనానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఐదుగురు యువకులు బాసర దగ్గర గోదావరిలో మునిగి చనిపోయారు. రేవు తెలిసిన పెద్దవాళ్లు పక్కన లేకుండా నీళ్లలో అడుగు పెట్టకూడదు. ఇది బతిమాలి చెప్పే మాట కాదు.

ఈ తాలూకాలో గోదావరి మీదున్న బాభ్లీ బ్యారేజీ చూసి ఫొటో తీసుకోవడానికి పది నిమిషాలు చాలు. దాని మీద తగవుకు మాత్రం రాత్రంతా చాలదు. ఈ చుట్టాల్లో సగంమంది ఎగువ, సగంమంది దిగువ. నాందేడ్ పిల్లకు అది తమ పొలాల నీళ్లు. నిజామాబాద్ పిల్లవాడికి శ్రీరాంసాగర్‌కు రావలసిన నీళ్లు. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు చెప్పింది ఇద్దరి ముందూ పెట్టాలి: ఏటా జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి. బ్యారేజీ నిల్వ 2.74 టీఎంసీలు. లెక్కలు తీసి వాదించుకోమంటే ఫోన్‌ను దానికే వాడతారు. మధ్యలో మామయ్య 2010 జులై సంగతి ఎత్తుతాడు. బాభ్లీ చూస్తామని వచ్చిన చంద్రబాబు నాయుడిని, తెలుగుదేశం నాయకులను అరెస్టు చేసి ఈ ఊరి ఐటీఐలోనే ఉంచారు. చివరికి ఔరంగాబాద్ నుంచి విమానంలో హైదరాబాద్ పంపేశారు. వింటున్న పిల్లలు చాలామంది అప్పటికి పుట్టనేలేదు. మర్నాడు ఆ ఐటీఐ గేటు చూపించమని వాళ్లే అడుగుతారు.

నాందేడ్ హజూర్ సాహిబ్ గురుద్వారాకు వెళ్లినా అంతే. లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, తినేసి లేచి రావడం సందర్శన. రొట్టెలు వత్తేవాళ్ల వరుసలో ఒక గంట కూర్చోవడం వేరే అనుభవం. ఊరూ పేరూ అడగకుండా పని ఇస్తారక్కడ.

ఇక చేయకూడనివి రెండు. బావామరదళ్ల వరస దొరికింది కదా అని పద్నాలుగేళ్ల పిల్లను ఏడిపించే సరసం మానాలి. ఆ మాట పడ్డాక, అప్పటిదాకా కలిసి ఆడుకున్న ఇద్దరూ ఇంట్లో చెరో మూలకు చేరతారు. రెండోది మార్కులు. 2025లో తెలంగాణ పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ 30న, మహారాష్ట్రవి మే 13న వచ్చాయి. అంటే ఒకే ఇంట్లో, ఒకే సెలవుల్లో రెండు బోర్డుల పోలిక. "వాళ్ల బోర్డులో మార్కులు ఊరికే వేస్తారట" అనే బాబాయి ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. ఆయన్ను రసవంతికి తీసుకెళ్లి చెరుకురసం తాగించి, చీకటి పడ్డాకే ఇంటికి తీసుకురావాలి. ఈ పనీ పిల్లలకే అప్పగించవచ్చు.