లోహం అబద్ధమాడదు

పాత నాణేల దుకాణంలో గల్లాపెట్టె వెనక కూర్చున్న పెద్దాయన చేతిలో భూతద్దం, పక్కన చిన్న త్రాసు. ఎవరో ఆశగా ఒక బిళ్ల ముందు పెట్టి, “టంకసాలలో పొరపాటున పడిన అచ్చు కదండీ? లక్షలొస్తాయట!” అంటారు. ఆయన నవ్వడు, కసురుకోడు. నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని దీపం కింద మెల్లగా తిప్పుతాడు.

తేల్చాల్సింది ఒక్కటే: లోపం అచ్చు పడేటప్పుడు వచ్చిందా, బయటికొచ్చాక తగిలిందా? గీత పడితే పక్కన లోహం గట్టులా లేస్తుంది. యాసిడ్‌లో నానితే బరువు తగ్గి, అక్షరాలు అరిగిన సబ్బులా మారతాయి. అంచు టంకసాలలోనే తెగి ఉంటే, సరిగ్గా దానికెదురుగా ఉన్న అంచు కూడా చాలాసార్లు పలచబడి ఉంటుంది. కత్తెర వేసినవాడికి ఆ సంగతి తెలియదు. రెండు నాణేలను బిగించి నొక్కితే అక్షరాలు తిరగబడి లోపలికి దిగుతాయి. కానీ అడుగున అసలు బొమ్మ నలిగి మిగిలే ఉంటుంది.

మన ఇళ్లలో అమ్మమ్మలు మెడలో వేసుకున్న విక్టోరియా వెండి రూపాయలూ ఆయన దగ్గరికొస్తాయి. 11.66 గ్రాములుండాల్సిన ఆ నాణెం అంచున టంకం మరక కనబడగానే, ఒకప్పుడు అక్కడ కొక్కెం ఉండేదని చెప్పేస్తాడు.

కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ మోసం నుంచి కాపాడే విద్య ఇది. మీ దగ్గర వింత నాణెం ఉంటే వీడియోలు నమ్మకండి, తోమకండి. ఇలాంటి కంటికి ఒకసారి చూపించండి.