రోహిణి వెనుక ధూళి వలయాలు

సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక నేత మగ్గాల ఊరు రాజోలిలో తలెత్తి చూస్తే రోహిణి దాదాపు నడినెత్తిన కనిపిస్తుంది. ఎర్రగా మెరిసే ఆ చుక్క మనకు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దానికి ఎంతో వెనుక, సుమారు 450 కాంతి సంవత్సరాల అవతల, వృషభరాశి ధూళిమేఘాల్లో ఇప్పటికీ నక్షత్రాలు పుడుతున్నాయి. వాటి చుట్టూ వాయువు, ధూళి చదునైన చక్రంగా తిరుగుతుంటాయి. గ్రహాలు తయారయ్యేది అందులోనే.

అలాంటి ఒక నక్షత్రం హెచ్ఎల్ టౌరీ. దాని చుట్టూ ఉన్న వలయాలను 2014లో చిలీలోని ఆల్మా రేడియో దూర్బిణులు చూపించాయి. అయితే అదంతా బయటి చల్లని ధూళి. నాకు ఆసక్తి లోపలి అంచు మీద. అక్కడ ధూళి సుమారు 1500 కెల్విన్ల వేడికి పరారుణ కాంతిలో వెలుగుతుంది. ఆ అంచు వ్యాసం భూమి–సూర్యుల మధ్య దూరమంత ఉన్నా, మన కంటికి డిగ్రీలో ఐదు లక్షలవ వంతే. పది మీటర్ల అద్దానికి కూడా అది ఒట్టి చుక్కే.

అందుకే చిన్న అద్దాలను దూరదూరంగా పెట్టి, వాటి కాంతిని ఒకచోట కలుపుతారు. 1920లో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద శాస్త్రవేత్తలు మైకెల్సన్, పీస్ ఈ పద్ధతితోనే, మన రైతులు కార్తెగా లెక్కపెట్టుకునే ఆరుద్ర నక్షత్రం వ్యాసం కొలిచారు. అదే కొండ మీద ఇప్పుడు చారా ఉంది: మీటరు అద్దాల దూర్బిణులు ఆరు, వాటి మధ్య గరిష్ఠ ఎడం 331 మీటర్లు.

కలపడంలోనే ఉంది పనితనమంతా. రాజోలి మగ్గం మీద నూలు చీరకు పట్టు అంచును కుప్పడం అనే నేత పద్ధతితో కలిపేటప్పుడు, ఒక్క పేక సరిగ్గా చిక్కుకోకపోయినా అతుకు బయటపడుతుంది. ఇక్కడా అంతే. భూమి తిరుగుతున్న కొద్దీ రెండు దూర్బిణులకు చేరే కాంతి దారుల్లో తేడా మారుతుంటుంది. పట్టాల మీద కదిలే అద్దాల బండ్లు ఆ తేడాను మైక్రాన్ల మేరకు సరిచేస్తాయి. దారులు కుదిరాయో, వెలుగు చీకట్ల పట్టీలు కనిపిస్తాయి. చూసే వస్తువు చుక్కంత చిన్నదైతే పట్టీలు స్పష్టంగా ఉంటాయి, వెడల్పైనదైతే మసకబారతాయి. ఎంత ఎడానికి ఎంత మసకబారాయో చూసి వెడల్పు లెక్కకడతారు.

1999లో ఏబీ ఆరిగే నక్షత్రాన్ని ఇలా కొలిస్తే, వేడి ధూళి నక్షత్రానికి అప్పటి అంచనాల కన్నా చాలా దూరంగా ఉందని తేలింది. అంతకన్నా లోపల ధూళి ఆవిరైపోతుంది. నక్షత్రం నాలుగింతలు ప్రకాశవంతమైతే అంచు రెండింతల దూరం జరుగుతుంది. కొలతలు ఈ సూత్రానికి చాలావరకు ఒదిగాయి. ఇంత సరళమైన నియమం ఒక పట్టీ మసకలోంచి దొరకడం నాకు ఎప్పటికీ అపురూపమే.

చారాలోని మర్క్-ఎక్స్ పరికరాన్ని వివరిస్తూ 2020లో వచ్చిన పత్రానికి మొదటి రచయిత నర్సిరెడ్డి అనుగు. ఆ పరికరం ఆరు దూర్బిణులనూ ఒకేసారి కలుపుతుంది, అంటే 15 జతలు. లోపలి అంచు దగ్గర ధూళి కొన్ని నెలల్లోనే ఒక చుట్టు తిరిగొస్తుంది. రెండేసి దూర్బిణులతో నెలల తరబడి కొలతలు పోగేస్తే, ఆలోగా వలయం రూపే మారిపోవచ్చు. 15 జతలు ఒక్క రాత్రిలో దొరికితే, ఆ రాత్రి వలయం ఎలా ఉందో చిత్రం గీయడానికి ఆధారం చిక్కుతుంది.