మూడు చికిత్సలు, ఒక్క సహాయార్థి: ఒక చిత్ర విమర్శ

వివిధ మనోచికిత్సా పద్ధతులను గత భాగంలో చదివారు. వాటిని పక్కపక్కన చూపిన ప్రసిద్ధ చిత్రం 1965 నాటి ‘త్రీ అప్రోచెస్ టు సైకోథెరపీ’. ఎవరెట్ షోస్ట్రోమ్ నిర్మించిన ఈ చిత్రంలో, విడాకులు పొందిన ఒక తల్లితో ముగ్గురు చికిత్సకులు విడివిడిగా మాట్లాడతారు.

కార్ల్ రోజర్స్ ఓపికగా విని, సమాధానాన్ని ఆమెనే వెతుక్కోనిస్తారు. ఫ్రిట్జ్ పెర్ల్స్, భయంగా ఉందంటూనే నవ్వుతున్నావేమని నిలదీస్తారు. ఆల్బర్ట్ ఎల్లిస్ ఆమె అహేతుక నమ్మకాలను ప్రశ్నిస్తారు. పద్ధతుల తేడా కళ్లకు కట్టడం ఈ చిత్రం బలం.

అయితే ఒక లోపాన్ని గమనించండి. ఒక్కొక్కరిదీ ఒకే సమావేశం. మనం చూస్తున్నది పద్ధతినా, చికిత్సకుడి స్వభావాన్నా? తనకు పెర్ల్స్ ఎక్కువ ఉపయోగపడతారని ఆమె చిత్రం చివర చెప్పింది. కానీ తర్వాత ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసింది రోజర్స్‌కు. మొదటి ముద్రను బట్టి చికిత్సను ఎంచుకోరాదు.

సమస్యను బట్టి కూడా ఎంపిక మారుతుంది. మురికి భయంతో పదేపదే చేతులు కడుక్కునే వ్యక్తికి ఓపికగా వినడం ఒక్కటే చాలదు. భయపెట్టే వస్తువును తాకి, కడుక్కోకుండా ఆగడాన్ని క్రమంగా అలవాటు చేసే ప్రవర్తనా చికిత్సకు బలమైన ఆధారాలున్నాయి.

కాబట్టి మీకుగానీ, మీవారికిగానీ అవసరమైతే చికిత్సకుణ్ణి అడగండి: ఈ సమస్యకు ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి ఆధారమేమిటి? ఎన్ని సమావేశాలు పడుతుంది? మార్పును ఎలా గుర్తిస్తాం? చివరి ప్రశ్న మీకు మీరే వేసుకోండి: ఈ వ్యక్తి దగ్గర నేను మనసు విప్పగలనా?