మోకాటి లోతు నీళ్లకు మలిచిన ముక్కు

సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డెక్కితే రెండు పక్కలా పులికాట్ సరస్సే. 2022లో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, నెల్లూరోళ్లు ఇప్పటికీ తమదనే అంటారు. చలికాలంలో ఇక్కడికి ఫ్లెమింగోలు దిగుతాయి. వచ్చినవాళ్లంతా గులాబీ రంగు చూసి మురిసిపోతారు. నన్నడిగితే అసలు పనితనమంతా ఆ పక్షి ముక్కులో ఉంది.

లేత గులాబీ ముక్కు, కొసన నలుపు. సగం దాకా తిన్నగా వచ్చి కిందికి వంగిపోతుంది. ఒడ్డున నిలబడ్డ పక్షిని చూస్తే ఆ వంకర ఎబ్బెట్టుగానే ఉంటుంది. మేతకు తల దించినప్పుడు గానీ దాని సంగతి తెలియదు. తల తలకిందులవుతుంది, పైదవడ అడుక్కి పోతుంది, వంగిన భాగం బురదకు సమంగా ఆనుతుంది. కింది దవడ లోతుగా, బరువుగా ఉంటే పైది పల్చటి మూత. దవడల అంచుల వెంట దువ్వెన పళ్లలా సన్నటి పొరలు. లావాటి నాలుక ముందుకీ వెనక్కీ చకచకా ఆడుతూ నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. నీరు పోతుంది, సన్నరొయ్యలు, పురుగులు, నాచు మిగులుతాయి.

కాళ్లూ ఊరికే ఉండవు. అడుగు బురదను తొక్కి తొక్కి కదిలిస్తాయి. ఆ తొక్కుడూ, తల విసురుగా పైకి లాగడమూ నీటిలో చిన్న సుడులు పుట్టించి, పారిపోయే ప్రాణుల్ని ముక్కు దగ్గరికి చేరుస్తాయని 2025లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. అంటే వల, జల్లెడ రెండూ దాని ఒంట్లోనే ఉన్నాయి.

రంగు కూడా ఈ మేత పెట్టిన భిక్షే. నాచులో, రొయ్యల్లో ఉండే కెరోటినాయిడ్లు ఈకలకెక్కుతాయి. పుట్టినప్పుడు పిల్ల బూడిదరంగులో ఉంటుంది, ముక్కూ తిన్నగానే ఉంటుంది. వంపు పెరిగేకొద్దీ వస్తుంది.

గొంతు మాత్రం అందానికి తగ్గది కాదు, పెద్దబాతు అరుపే. మేస్తున్నంతసేపూ గుంపంతా లోగొంతుతో గొణుగుతూనే ఉంటుంది. బెదిరిందా, ఒకటే గోల. అప్పుడే విప్పిన రెక్కల్లో దాచుకున్న ఎరుపూ నలుపూ బయటపడతాయి. గూడు దగ్గర ఈ గొంతే ఆనవాలు. వేల పిల్లల మధ్య తల్లీతండ్రీ తమ పిల్లను అరుపుతోనే పోల్చుకుంటాయి. మన దేశంలో ఆ గూళ్లకు పేరుపడ్డది గుజరాత్‌లోని కచ్ రణ్. పులికాట్ మేతకే.

అందుకే రక్షణ అంటే వేటగాళ్లను ఆపడం ఒక్కటే కాదు. పులికాట్ 1976 నుంచి అభయారణ్యం. సూళ్లూరుపేటలో పక్షుల పండగ 2001లో మొదలైంది. ఇవి మంచివే. కానీ అంత నేర్పుగా మలిచిన ముక్కు పనిచేసేది లోతు తక్కువ నీళ్లలోనే, ఆ నీళ్లే నిలవకపోతే పండగ ఎవరికి? సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే ఆటుపోట్ల నీరు లోపలికి రాదు. వానలు లేని ఏడు ఉత్తరపు భాగం ఎండి బయలవుతుంది. పూడిక తీయమని మత్స్యకారులు ఏళ్లుగా అడుగుతున్నారు. పక్షికి కావలసిందీ అదే.

జనవరిలో వెళితే పొద్దున్నే వెళ్లండి. రోడ్డు మీది నుంచే చూడండి. ఫొటో కోసం గుంపును లేపకండి, డ్రోన్ ఎగరేయకండి. లేచిన ప్రతిసారీ వాటి మేత చెడుతుంది.